ఆటగాళ్ల మాట వినాలా, చేత చూడాలా?

2011 జూన్ చివరి వారంలో ‘ఈవ్ ఆన్‌లైన్’ అనే ఆటలో ఆటగాళ్లు ఒక విగ్రహం మీద దాడికి దిగారు. ఈ ఆట అంతా అంతరిక్షంలో సాగుతుంది. అందులో జీటా అనేది పెద్ద సంత. ఖనిజాలు, తుపాకులు, నౌకలు కొనాలన్నా అమ్మాలన్నా ఎక్కువమంది అక్కడికే చేరతారు. ఆ సంత ముంగిట ఉన్న విగ్రహాన్ని నౌకలు గుంపులుగా చుట్టుముట్టి గంటల తరబడి కాల్చాయి. అది కూలదని కాల్చేవాళ్లందరికీ తెలుసు. తమ మాట చెవిన పెట్టేవాళ్లు లేరనుకున్నవాళ్లు ఆ మాటను ఆటలోనే చెప్పారు.

కోపానికి కారణం జూన్ 21న వచ్చిన ‘ఇన్‌కార్నా’ అనే అప్‌డేట్. అంతవరకు ఆటగాడంటే అతని నౌకే. ఈ అప్‌డేట్‌తో అతనికి మనిషి రూపం వచ్చింది, తిరగడానికి ఒక గది వచ్చింది, ఆ మనిషికి తొడిగే బట్టలు అసలు డబ్బుకు అమ్మే దుకాణం కూడా వచ్చింది. అందులో ఒంటికంటి అద్దం ఒకటి ఉంది. ఆటలో ఎందుకూ పనికిరాని ఆ అలంకారం ధర 60 డాలర్లకు పైనే. అదే సమయంలో సంస్థ లోపలి పత్రిక ఒకటి బయటికి పొక్కింది. డబ్బుకు ఇంకా ఏమేమి అమ్మవచ్చన్న చర్చ అందులో ఉంది. ఈరోజు అద్దం అమ్మినవాళ్లు రేపు తుపాకీ అమ్మరని నమ్మకమేమిటి? ఈ ఆటలో నౌక పేలిపోతే పోయినట్టే, మళ్లీ సంపాదించుకోవాలి. అలాంటి చోట గెలుపును డబ్బుతో కొనుక్కోవచ్చంటే, ఏళ్ల తరబడి పడ్డ కష్టానికి విలువ పోతుంది.

ఆ వెంటనే మరో లేఖ పొక్కింది. ఆటను నడిపే ఐస్‌లాండ్ సంస్థ సీసీపీ అధిపతి హిల్మార్ పీటర్సన్ తన సిబ్బందికి రాసిన లేఖ అది. ఇలాంటి నిరసన ఊహించినదేనని, మార్పును ఎదిరించడం మనుషుల సహజ గుణమని, ఆటగాళ్లు చెప్పేదానికన్నా చేసేదానిని చూడవలసిన సమయం ఇదని ఆయన రాశారు. ఋజువుగా ఒక అంకె కూడా ఇచ్చారు: అప్పటికే 52 ఒంటికంటి అద్దాలు అమ్ముడుపోయాయి.

ఆన్‌లైన్ ఆటలు తయారుచేసేవాళ్లను వేధించే ప్రశ్న అంతా ఆ లేఖలోనే ఉంది. అందుకే ఈ వ్యాసాన్ని అక్కడ మొదలుపెట్టాను. (ఆన్‌లైన్ ఆట అనగానే మనవాళ్లకు రమ్మీ గుర్తుకొస్తుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించిన పందేల ఆటలు వేరు. నేను చెబుతున్నది వేలమంది ఒకే లోకంలో కలిసి ఆడే వీడియో గేమ్‌ల గురించి.)

హిల్మార్ అవివేకి కాడు. ఇలాంటి ఆట నడిపిన ప్రతి ఒక్కరికీ ఆయన అనుభవమే ఎదురవుతుంది. ప్రతి అప్‌డేట్‌కూ ‘ఆట చచ్చిపోయింది, నేను పోతున్నాను’ అని రాసేవాళ్లు ఉంటారు, వాళ్లలో చాలామంది మర్నాడు సాయంత్రం మామూలుగా లాగిన్ అవుతారు. మాటకూ చేతకూ మధ్య ఇంత దూరం ఏళ్ల తరబడి చూసినవాడికి చేతే నిజమనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఆయన పొరబడింది కాలం విషయంలో. 52 అద్దాలు అమ్ముడైంది రెండు మూడు రోజుల్లో. కానీ ఆ ఆటకు చందా నెలకో, మూడు నెలలకో, ఏడాదికో ముందే కడతారు. ఈరోజు మనసు విరిగినవాడు ఈరోజే లెక్కలో తగ్గడు. కట్టిన గడువు తీరాక, మళ్లీ కట్టవలసిన రోజున కట్టకుండా ఊరుకుంటాడు. నమ్మకం పోయిన సంగతి అంకెల్లో కనపడడానికి కొన్ని నెలలు పడుతుంది, అమ్మకం మాత్రం ఆ గంటలోనే కనపడుతుంది. జూన్‌లో కొత్త అద్దం పెట్టుకున్న 52 మంది లెక్క సంస్థ చేతిలో ఉంది, అక్టోబరులో తిరిగిరాబోనివారి లెక్క ఇంకా పుట్టలేదు. ఆ పుట్టని లెక్కకు అప్పటికి ఉన్న ఆనవాలు ఒక్కటే, విగ్రహం ముందు గుమిగూడినవాళ్ల మాట.

సంస్థ కొంత త్వరగానే కళ్లు తెరిచింది. ఈవ్‌లో ఆటగాళ్లు ఓటు వేసి ఎన్నుకునే ప్రతినిధుల మండలి ఒకటి 2008 నుంచీ ఉంది. ఆ మండలిని జూన్ నెలాఖరులో విమానం ఎక్కించి ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌కు రప్పించి మాట్లాడారు. గెలుపునిచ్చే వస్తువులు డబ్బుకు అమ్మబోమని మాట ఇచ్చారు. అయినా అక్టోబరు వచ్చేసరికి విజయాన్ని తేలికగా తీసుకున్నానని, తాను తప్పు చేశానని హిల్మార్ ఆటగాళ్లకు బహిరంగ లేఖ రాయవలసి వచ్చింది. అదే నెలలో సంస్థ తన సిబ్బందిలో 20 శాతం మందిని తొలగించింది. నవంబరులో వచ్చిన తరువాతి అప్‌డేట్ గదులనూ బట్టలనూ పక్కన పెట్టి మళ్లీ నౌకల దగ్గరకు వచ్చింది.

ఇంతవరకు చదివి ‘అయితే ఆటగాళ్లు చెప్పినట్టల్లా చేస్తే సరి’ అనుకుంటే అది అంతకన్నా పెద్ద పొరపాటు. అదే ఆట, అదే సంస్థ, ఎనిమిదేళ్ల తరువాత జరిగింది చూడండి. ఈవ్ లోకంలో చట్టం లేని ప్రాంతాలున్నాయి. అక్కడ ఒక మండలంలోకి అడుగుపెట్టిన ప్రతి ఒక్కరి పేరూ ఛాట్ పట్టికలో కనపడేది. గని తవ్వుకునేవాడు ఆ పట్టిక మీద ఒక కన్ను వేసి, తెలియని పేరు కనపడగానే పారిపోయేవాడు. 2019 జూలైలో సంస్థ ఆ పట్టికను తీసేసింది, దానికి ‘బ్లాకవుట్’ అని పేరు పెట్టింది. వేటాడే ఆటగాళ్లు పండగ చేసుకున్నారు, ఇన్నాళ్లకు ఆటలో భయం తిరిగి వచ్చిందని సంబరంగా రాశారు. తవ్వుకునేవాళ్లలో కొందరు గొడవపడ్డారు, మిగిలినవాళ్లు ఒక్క మాట రాయకుండా లాగిన్ కావడం మానేశారు. వేటగాడికి వేట లేకుండా పోయింది. సర్వర్‌లో మనుషుల సంఖ్య పడిపోవడం చూసి సెప్టెంబరులో పట్టికను తిరిగి పెట్టారు. ఈసారి నిజం చెప్పింది అంకె.

2011లో మాట, 2019లో అంకె. ఏది ఎప్పుడు నమ్మదగినదో తేల్చుకోవాలంటే, రెండూ ఎలా పుడతాయో చూడాలి.

ఆట సర్వర్ ఊరి కరణం లాంటిది. అన్నీ రాసిపెడుతుంది. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎంతసేపున్నారు, ఏ దారిలో నడిచారు, ఎవరి చేతిలో చచ్చారు, ఏమి కొన్నారు, ఏ తెర మీద ఆట మూసేశారు అన్నీ అందులో ఉంటాయి. వీటిలోంచి తయారీదారులు ప్రధానంగా చూసే లెక్కను రిటెన్షన్ అంటారు. ఈరోజు ఆటలో చేరిన వందమందిలో రేపు ఎందరు తిరిగి వచ్చారు, ఏడో రోజు ఎందరు, ముప్పయ్యో రోజు ఎందరు అన్నదే ఆ లెక్క. కానీ కరణం దస్తరంలో ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో ఉంటుంది, వేరుశనగ మాని ఆముదం ఎందుకు వేశాడో ఉండదు.

మన ఇళ్లలోని ఉదాహరణే తీసుకుందాం. ఒక కుర్రవాడు రాత్రి తొమ్మిదింటికి ఆట మధ్యలో మాయమయ్యాడు. సర్వర్ దృష్టిలో అతను ఓడిపోతానని పారిపోయిన ఆటగాడు. అసలు సంగతి ఆ రోజుకు ఫోనులో డేటా అయిపోయి ఉండవచ్చు, కరెంటు పోయి వైఫై ఆగి ఉండవచ్చు, నాన్న ఫోను లాక్కుని ఉండవచ్చు. అన్నా చెల్లెలూ ఒకే ఫోనులో, ఒకే ఖాతాతో ఆడితే సర్వర్‌కు వాళ్లిద్దరూ ఒక్క మనిషే. ఉదయం బాగా ఆడి సాయంత్రం నడక కూడా మరిచిపోయే వింత మనిషి. ఆ లెక్క చూసి పోటీ కష్టాన్ని సరిచేస్తే, ఆట ఇద్దరికీ చేదవుతుంది. నమోదైనదాంట్లో అబద్ధం ఒక్కటీ లేకుండానే దాని అర్థం తలకిందులు కాగలదు.

మాట పుట్టుక వేరు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఆటల్లో అడిగేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. రాయడానికి తీరిక, భాష, కోపం, ఆట మీద మమకారం ఇన్ని కలిస్తేనే ఒక అభిప్రాయం బయటికి వస్తుంది. కాబట్టి రాసేవాళ్లలో ఎక్కువమంది పాతకాపులు. ఆటలో అడుగుపెట్టి, ఏ బొత్తాం నొక్కాలో తెలియక, పది నిమిషాల్లో తీసేసినవాడు ఒక్క వాక్యమూ రాయడు. వాడికి ఆ ఆట మీద ఇంకా అభిప్రాయమే ఏర్పడలేదు. వాడి తరఫున సాక్ష్యం చెప్పగలిగేది లాగ్, అంటే సర్వర్ రాసిపెట్టిన దస్తరం, ఒక్కటే. కొత్తవాడు ఏ మెట్టు దగ్గర తట్టుకుని పడిపోతున్నాడో చూపించడం అంకెలు చేసే గొప్ప మేలని నా నమ్మకం. పాతకాపుల సలహాలతోనే నడిచే ఆట మెల్లగా పాతకాపులకు తప్ప మరెవరికీ అర్థం కాని ఆటగా మారిపోతుంది.

తెలుగు ఆటగాళ్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. మనలో చాలామంది ఫిర్యాదును తెలుగులోనే రాసినా ఇంగ్లిష్ అక్షరాలతో రాస్తారు. ఒకే మాటను ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. వేల అభిప్రాయాలను యంత్రంతో జల్లెడ పట్టి ‘కోపం ఇంత, సంతోషం ఇంత’ అని తేల్చే పద్ధతులు ఇంగ్లిష్ మీద నడిచినంత సాఫీగా ఈ రాత మీద నడవవు. మన మాట జల్లెడలో జారిపోతే, తయారీదారుకు మనం వట్టి అంకెలుగానే మిగులుతాం.

మాటను విన్నా, విన్నది విన్నట్టే అమలు చేయడం వేరే సంగతి. దీనికి ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆట బీటా నాటి, అంటే విడుదలకు ముందు పరీక్షకు ఆడించిన నాటి, సంఘటన చాలా నేర్పుతుంది. 2004 నవంబరులో ఆట విడుదలకు ముందు, జనం మరీ గంటల తరబడి ఆడకుండా దాని తయారీ సంస్థ బ్లిజార్డ్ ఒక ఏర్పాటు చేసింది. కొంతసేపు ఆడాక ఆటగాడు అలసిపోతాడు, అప్పటి నుంచి అతనికి వచ్చే అనుభవ పాయింట్లు సగానికి పడిపోతాయి. పరీక్షకు ఆడినవాళ్లు దాన్ని అసహ్యించుకున్నారు, తీసేయమన్నారు. తీసేయలేదు. లెక్కను తిప్పి రాశారు. మామూలు రాబడిని వంద శాతం అన్నారు, విశ్రాంతి తీసుకుని వచ్చినవాడికి కొంతసేపు రెండు వందల శాతం అన్నారు, దానికి తగ్గట్టు మెట్టు ఎక్కడానికి కావలసిన పాయింట్లనూ రెట్టింపు చేశారు. గణితం అదే. శిక్ష అన్నది బహుమతి అయింది. ఫిర్యాదులు ఆగాయి. నొప్పి ఉందని ఆటగాళ్లు చెప్పింది నిజం. ‘తీసేయండి’ అన్న మందు మాత్రం వాళ్ల ఊహ. లాగ్‌లో చూస్తే రెండు పద్ధతులకూ ఒకే వేగం కనపడుతుంది కాబట్టి, ఈ తేడాను అంకెలు ఎన్నటికీ పట్టుకోలేవు.

అదే ఆట మరో హద్దును కూడా చూపించింది. లేని వస్తువుకు లాగ్ ఉండదు. తొలినాళ్ల పాత ఆటను మళ్లీ నడపమని అభిమానులు ఏళ్లపాటు అడిగారు. 2013లో బ్లిజార్డ్ జరిపిన బ్లిజ్‌కాన్ సభ వేదిక మీద ఈ ప్రశ్న వచ్చినప్పుడు, మీకు అది కావాలనిపిస్తుంది గాని నిజంగా అక్కరలేదన్న అర్థంలో సంస్థ నుంచి జవాబు వచ్చింది. ఆ జవాబును బలపరిచే అంకె గాని, కొట్టేసే అంకె గాని అప్పటికి సంస్థ దగ్గర ఉండే వీలు లేదు, పాత ఆట వాళ్ల సర్వర్లలో నడవడమే లేదు. 2016 ఏప్రిల్‌లో, పాత ఆటను అనుమతి లేకుండా నడుపుతున్న నోస్టాల్రియస్ అనే సర్వర్, బ్లిజార్డ్ లాయర్ల నోటీసుతో మూతపడింది. పాత ఆట కావాలన్న వినతిపత్రం మీద 2 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. 2017 నవంబరులో సంస్థ ఒప్పుకుంది, 2019 ఆగస్టులో ‘క్లాసిక్’ వచ్చింది. మొదటి రాత్రి లోపలికి వెళ్లడానికి ఆటగాళ్లు గంటల తరబడి వరుసలో నిలబడ్డారు.

ఇక సగటు అనే అంకె గురించి. 2017 నవంబరులో ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2’ విడుదలకు కొద్ది రోజుల ముందు, డార్త్ వేడర్ పాత్రను సంపాదించాలంటే ఆటలో కూడబెట్టే 60,000 క్రెడిట్లు కావాలని తేలింది. అంటే దాదాపు 40 గంటలు ఆడాలని అభిమానులు లెక్క కట్టారు. ఆ ఆటను అమ్మే ఈఏ సంస్థ, రెడిట్ అనే చర్చావేదికలో ఇచ్చిన వివరణలో ఒక మాట ఉంది: ఈ ధరలు బీటాలో వచ్చిన డేటాను బట్టి పెట్టినవి, ఆటగాళ్లు రోజుకు సగటున ఎంత సంపాదిస్తున్నారో గమనిస్తున్నాం. ఆ వ్యాఖ్యకు 6 లక్షలకు పైగా వ్యతిరేక ఓట్లు పడ్డాయి. ఇంత కోపం వచ్చింది ధర ఒక్కదానికే కాదు. పూర్తి డబ్బు పెట్టి ఆట కొన్నవాడు ‘నన్ను మోసం చేస్తున్నారా’ అని అడుగుతుంటే, ‘సగటు ఇంత’ అని చెప్పడం జవాబు కాదు. మర్నాటికల్లా ధరను 75 శాతం తగ్గించారు, విడుదలకు ముందే ఆట లోపలి అమ్మకాలనూ ఆపేశారు.

సగటును విడగొట్టి చూడడం ఎలాగో ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ తయారుచేసిన రయట్ గేమ్స్ 2019లో ప్రకటించిన పద్ధతిలో కనపడుతుంది. ఒక పాత్ర బలం మరీ ఎక్కువైందా అని చూడడానికి వాళ్లు ఆటగాళ్లను నాలుగుగా విడదీశారు: మామూలువాళ్లు, పై 10 శాతం, పై 0.1 శాతం, వృత్తి ఆటగాళ్లు. ఎందుకంటే అజీర్ లాంటి పాత్ర మామూలువాడి చేతిలో తరచూ ఓడుతూ, వృత్తి ఆటగాడి చేతిలో టోర్నమెంట్‌నే శాసించగలదు. ఇద్దరి ఫిర్యాదులూ నిజమే, రెండూ ఒకదానికొకటి ఎదురు. ఆ పద్ధతిలో నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఇంకొకటి. వాళ్లు గెలుపు శాతంతో పాటు నిషేధ శాతాన్నీ చూస్తారు. ఆట మొదలుకాకముందే ‘ఈ పాత్ర నాకు ఎదురు రాకూడదు’ అని ఆటగాడు దాన్ని పక్కన పెట్టించవచ్చు. సగం ఆటలే గెలిచే పాత్రనైనా జనం విసుగుతో మళ్లీ మళ్లీ నిషేధిస్తుంటే, ఆ నిషేధం ఒక ఫిర్యాదే. వ్యాసాలు రాయనివాడు కూడా ఒక్క నొక్కుతో ఆ ఫిర్యాదు చేయగలడు, సర్వర్ దాన్ని లెక్కపెట్టగలదు. మాటకూ అంకెకూ మధ్య ఇలాంటి వంతెన కట్టగలిగితే సగం తగవు తీరుతుంది.

అసలు ఓటే పెడితే? ఆ ప్రయోగాన్ని అందరికన్నా దూరం తీసుకువెళ్లింది కేంబ్రిడ్జ్‌లోని జాగెక్స్. వాళ్ల ‘రూన్‌స్కేప్’ 2001 నాటిది. ఆటలోని బంగారాన్ని అసలు డబ్బుకు అమ్ముకునే ముఠాలు దొంగ క్రెడిట్ కార్డులతో చెలరేగుతున్నాయని 2007 డిసెంబరులో సంస్థ ‘వైల్డర్‌నెస్’ అనే ప్రాంతంలో ఆటగాళ్ల మధ్య సాగే పాత పోరాటాలనూ, 2008 జనవరిలో స్వేచ్ఛా వ్యాపారాన్నీ తీసేసింది. ఆటగాళ్ల ఆగ్రహం ఏళ్లు గడిచినా చల్లారలేదు. 2011 జనవరిలో ముగిసిన ఓటులో 12 లక్షల ఓట్లు పడ్డాయి, 91 శాతం తిరిగి కావాలన్నారు, తిరిగి ఇచ్చారు. మరుసటి ఏడాది నవంబరులో పోరాట పద్ధతిని మొత్తం మార్చేసి మళ్లీ జనాన్ని పోగొట్టుకున్నారు. చివరికి 2007 ఆగస్టు నాటి ప్రతి ఒకటి దాచి ఉందని తెలిసి, దాన్ని నడపమంటారా అని 2013 ఫిబ్రవరిలో అడిగారు. దాదాపు నాలుగున్నర లక్షల ఓట్లు వచ్చాయి. అలా పుట్టిన ‘ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్’లో ఒక నియమం పెట్టుకున్నారు: కొత్తది ఏది చేర్చాలన్నా ఆటగాళ్లలో 75 శాతం ఔననాలి.

ఈ నియమం వాళ్లకు తిరిగి సంపాదించి పెట్టిన నమ్మకం చిన్నది కాదు. ఓటుకు ఉన్న గుడ్డితనం కూడా అక్కడే బయటపడింది. ఒకరితో ఒకరు పోరాడే ఆటగాళ్లు ఆ ఆటలో తక్కువమంది. వాళ్లకు కావలసిన మార్పులను, ఆ పోరాటాల జోలికే పోని మెజారిటీ మళ్లీ మళ్లీ ఓడించింది. ఒక ఆయుధం మితిమీరిన బలంతో ఆటను పాడుచేస్తోందని లాగ్ చెబుతున్నా, ఆ ఆయుధం కొనుక్కున్నవాళ్లు దాన్ని నెర్ఫ్ చేయమని, అంటే బలం తగ్గించమని, ఓటు వేయరు. అందుకని ఆట ఆరోగ్యానికి తప్పదనుకున్న కొన్ని మార్పులను ఓటు లేకుండానే చేస్తామని జాగెక్స్ ప్రకటించింది. 2022లో గీతను 75 నుంచి 70 శాతానికి దించింది. 2015లో ఓటులో ఓడిపోయిన ‘సెయిలింగ్’ అనే నౌకాయాన విద్య 2023లో ఆ కొత్త గీతను దాటింది. పాత గీతే ఉంటే దాటేది కాదు. పాతికేళ్ల ఆట ఓడ ఎక్కడానికి అదే దారి అయింది. 2025 నవంబరులో సెయిలింగ్ ఆటలోకి వచ్చింది.

మన దేశంలో మాటకూ అంకెకూ మధ్య ఈ తూకం త్వరలో మారబోతోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. కొన్ని మినహాయింపులు పోగా, పిల్లల కదలికలను వెంటాడడాన్నీ, వాళ్ల ప్రవర్తనను గమనిస్తూ ఉండడాన్నీ నిషేధిస్తుంది. సాయంత్రం వీధి అరుగు మీద ఫోను పట్టుకుని ఆడేవాళ్లలో ఎందరు ఆ వయసువాళ్లో మనకు తెలియనిది కాదు. వాళ్ల చేతలను రాసుకునే దస్తరం సన్నబడిన కొద్దీ, వాళ్లను కూర్చోబెట్టి అడగడం, ఆడుతుండగా పక్కన నిలబడి చూడడం, వాళ్ల భాషలో వాళ్లు రాసింది చదవడం తయారీదారులకు తప్పని పని అవుతుంది. ఇది మనకు మంచిదేనని నేను మనసారా అనుకుంటున్నాను.

రేక్యవిక్ పాత రేవులో ఇప్పుడు నిజమైన స్మారకం ఒకటి ఉంది. 2014లో సీసీపీ కట్టించింది. 2014 మార్చి 1 నాటికి ఈవ్ ఆడుతున్న ప్రతి ఆటగాడి పేరూ దాని మీద చెక్కించారు. జీటాలో విగ్రహాన్ని కాల్చి, ఆ తరువాత కూడా ఆటలోనే ఉండిపోయినవాళ్ల పేర్లూ అందులో ఉన్నాయి. 2011 అక్టోబరులో చందా కట్టడం మానేసి మళ్లీ రానివాళ్ల పేర్లు లేవు.